పుష్యం తెచ్చుకున్న రాగం

ఒకప్పుడు భూమి కడుపులో ఉన్న రాళ్ళన్నీ నీళ్ళలా రంగు లేకుండా ఉండేవి. ఎర్రది, పచ్చది, నీలిది అనే తేడాయే లేదు. భూమమ్మ అన్నానికి పిలిస్తే ఒకటే రాయి మూడుసార్లు వచ్చి తినిపోయేది. ఇంకోటి ఆకలితో అలాగే కూర్చునేది.

ఒకరోజు భూమమ్మకి విసుగొచ్చింది.

"మీలో ఎవరు ఎవరో కన్నదాన్ని నాకే తెలియట్లేదు. ఇవాళ పొద్దు గూకేలోపు ఎవరి రాగం వాళ్ళు తెచ్చుకోండి. తెచ్చుకున్నవాళ్ళకి సూర్యుడు దాన్ని ఒంట్లోకి ఇంకిస్తాడు. తేనివాళ్ళు గులకరాళ్ళే. వాగులో దొర్లి దొర్లి ఇసకైపోతారు" అంది.

భూమమ్మ పాతకాలం మనిషి. రంగుని రాగం అనడం ఆవిడకి అలవాటు. పెద్ద రాళ్ళన్నిటికీ ఆ సంగతి తెలుసు. కెంపు దానిమ్మ పండు దగ్గరికి పరిగెత్తింది. పచ్చ చిలకల గుంపులో దూరింది. నీలం నెమలి వెంట పడింది.

అందరికన్నా చిన్నది పుష్యం. పుష్యమాసంలో పుట్టింది కాబట్టి ఆ పేరు. అది ఎప్పుడూ ఏదో ఒక ఊహలో తేలుతూ ఉండేది. కొండ మీద చినుకు పడితే, ఆ చినుకు తనని చూడ్డానికే అంత దూరం నుంచి వచ్చిందనుకునేది. అలాంటిదానికి రాగం అనగానే ఏం గుర్తొస్తుంది? పాటే గుర్తొచ్చింది.

"లోకంలో ఎవరికీ లేని రాగం తెచ్చుకుంటాను" అనుకుంటూ కొండ దిగువకి గబగబా దొర్లింది.

దిగువన వలిసె చేను విరగబూసి ఉంది. చేనంతా పసుపు ఆరబోసినట్టుంది. పువ్వు పువ్వుకీ ఒక తేనెటీగ. జుమ్మ్‌మని చేను మొత్తం ఒకటే గొంతుతో పాడుతోంది. పుష్యానికి ఒళ్ళు ఝల్లుమంది. వెతుకుతున్నది దొరికింది.

"పెద్దమ్మా, మీ రాగం నాకిస్తావా?" అని ఒక ముసలి తేనెటీగని అడిగింది.

"చూడమ్మా, నాకు ఇంకా నలభై పూలున్నాయి. ఆ చివరికి పోయి ఎవరినైనా అడుగు."

"పొద్దు గూకేలోపు తీసుకెళ్ళకపోతే నన్ను ఇసక చేసేస్తారు పెద్దమ్మా."

తేనెటీగ పువ్వు మీద నుంచి తల ఎత్తింది. "నీకు రెక్కలున్నాయా?"

"లేవు."

"పోనీ, గొంతుందా?"

"పాడ్డానికి పనికొచ్చేది లేదు."

"మరి ఏం చూసుకుని వచ్చావే తల్లీ రాగం కోసం?" అని తేనెటీగ నవ్వింది. పుష్యం మొహం చిన్నబోవడం చూసి మళ్ళీ తనే అంది. "సరే, ఒక దారుంది. రాయి పాడలేదు గానీ దాచుకోగలదు. నువ్వు నిలువునా తెరుచుకో, మేం లోపల వాలి పాడతాం. కానీ ఆలోచించుకో. తెరుచుకున్న రాయి మళ్ళీ మూసుకున్నా ఆ గీత ఉండిపోతుంది. ఎప్పుడు దెబ్బ తగిలినా అక్కడే విడిపోతుంది. మీ అక్కల్లా గట్టిగా బతకలేవు."

పుష్యం ఆలోచించింది. నిజం చెప్పాలంటే ఎక్కువసేపేం ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని, పుస్తకం తెరిచినట్టు, నున్నగా రెండుగా తెరుచుకుంది.

తేనెటీగలు బిలబిలమంటూ దిగాయి. వాటి కాళ్ళనిండా వలిసె పుప్పొడి, మూతులనిండా తేనె. లోపల వాలి రెక్కలాడించాయి. ఆ ఝంకారం పుష్యం గుండెలో గిరగిరా తిరిగింది. తేనె జారింది. పుప్పొడి రాలింది. పుష్యానికి అవేమీ తెలియలేదు. దానికి పాట తప్ప ఇంకేం వినబడడం లేదు.

"ఇక మూసుకోవే, పొద్దు వాలిపోతోంది" అని తేనెటీగ అరిచేసరికి ఉలిక్కిపడింది. తేనెటీగలన్నీ పైకి లేవగానే గట్టిగా మూసుకుంది.

పైకి ఎక్కడం దిగినంత సులువు కాదు. ఒక్కో రాయి తగిలినప్పుడల్లా ఆ గీత చురుక్కుమనేది. ఎక్కడ రెండు ముక్కలైపోతానో అని ఊపిరి బిగబట్టుకుని, దొర్లి, జారి, మళ్ళీ దొర్లి, చివరికి కొండ కొమ్ముకి చేరింది. సూర్యుడు అప్పటికి సగం మునిగాడు. అక్కలందరూ రంగులేసుకుని కూర్చున్నారు.

"ఏమే, ఏం తెచ్చావు?" అంది కెంపు.

"రాగం తెచ్చానక్కా. తేనెటీగలది."

కెంపు పొట్ట పట్టుకుని నవ్వింది. "పాట తెచ్చావా? రాగం అంటే రంగే పిచ్చిదానా. అమ్మ చెప్పింది రంగు. ఇప్పుడు వాగులో పాడుకో."

అక్కలందరూ నవ్వారు. మళ్ళీ వెళ్దామంటే పొద్దు లేదు. పుష్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నవ్వులాపండి" అంది భూమమ్మ. "తెచ్చింది ఏదైనా చూడకుండా నేను తీర్పు చెప్పను. చూపించవే చిన్నీ."

"చూపించాలంటే మళ్ళీ తెరుచుకోవాలమ్మా. ఈసారి మూసుకుంటానో లేదో తెలీదు."

పుష్యం అందరి వైపూ ఒకసారి చూసింది. వణుకుతూనే తెరుచుకుంది.

జుమ్మ్‌మని పాట బయటికొచ్చింది. మునిగిపోతున్న సూర్యుడు ఆ పాట విని ఆగాడు. ఎక్కడిదా అని లోపలికి తొంగి చూశాడు. ఆయన చూపు తగలగానే తేనె, పుప్పొడి కరిగి రాయంతా ఇంకిపోయాయి. నీళ్ళలాంటి పుష్యం అడుగు నుంచి అంచుదాకా బంగారం పోసినట్టు పసుపుపచ్చగా వెలిగింది. గీత మెల్లగా మూసుకుంది.

"దీని రాగం దీనికి దొరికింది" అంది భూమమ్మ, చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని. "ఇక నుంచి ఇది పుష్యరాగం."

అప్పటినుంచే పుష్యరాగానికి ఆ తేనె పసుపు, లోపల ఆ ఒక్క గీత. రాళ్ళు సానపట్టేవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుంటే గట్టిగా కొట్టరు. కొడితే పుస్తకం తెరుచుకున్నంత నున్నగా, ఈరోజుకీ, అక్కడే తెరుచుకుంటుంది.