నెర్రెలు లేని చోటు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒక ఏడు ఎండలు ముదిరి, తొలకరి దగ్గర పడుతుండగా ఘోరజటుడనే మాంత్రికుడు వచ్చి రాజ్యంలోని విత్తనాలన్నీ ఊడ్చుకుపోయాడు. జొన్నలు పోయాయి, కందులు పోయాయి, నువ్వులు పోయాయి. తినడానికి నూకలున్నాయి గానీ విత్తడానికి గింజ లేదు. వాన పడేలోగా విత్తనం రాకపోతే పై ఏడు పిల్లల కంచాల్లో ఏం పెట్టాలి?

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నవాడు చారుదేవుడు బయలుదేరుతుంటే రాజు అతని చెయ్యి వదల్లేదు.

"విత్తనాలూ తెస్తాను, అన్నలనూ తెస్తాను నాన్నగారూ."

"ముందు నువ్వు రా" అన్నాడు రాజు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద కొంగ వలలో చిక్కుకుని ఉంది. చారుదేవుడు వల విప్పాడు. కొంగ రెక్కలు దులుపుకుని, "ఎక్కు నాయనా. మెడ మాత్రం పట్టుకోకు, నాకు చక్కిలిగిలి" అంది. ఒక సముద్రం దాటారు. ఇంకో సముద్రం దాటారు. అలా అలా ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి దీవిలో దిగారు.

అక్కడంతా నల్లరేగడి చేను. ఎండకు నేల నెర్రెలిచ్చి, అడుగేస్తే కాలు దిగబడేలా ఉంది. చేలో రెండు దిష్టిబొమ్మలు నిలబడి ఉన్నాయి. వాటి తలలకు అన్నల తలపాగాలే! 

మాంత్రికుడు చెరపట్టిన రాజకుమారి సుగాత్రి నీళ్ళకుండతో వచ్చింది. "వాళ్ళు నీ అన్నలేనా? వాళ్ళూ ఇలాగే మీసం దువ్వుకుంటూ దిగారు" అంది. చారుదేవుడు గబుక్కున మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

అంతలో మాంత్రికుడు వచ్చాడు. "నా ప్రాణం ఈ చేలోనే ఉందిరా అబ్బీ. ఒక్కచోట తవ్వు. దొరికితే నేను నీ బంటును. దొరక్కపోతే నువ్వు మూడో దిష్టిబొమ్మవు."

"మా అన్నలు ఎక్కడ తవ్వారు?"

"పెద్దవాడు పుట్ట తవ్వాడు. నడిమివాడు అన్నిటికంటే పెద్ద నెర్రె తవ్వాడు" అని మాంత్రికుడు కడుపు పట్టుకుని నవ్వాడు.

చారుదేవుడు గునపం ముట్టుకోలేదు. చేనంతా నడిచాడు. కాలు దిగబడింది, తీసుకున్నాడు. మళ్ళీ దిగబడింది, తీసుకున్నాడు. ఒకచోట మాత్రం, చాప పరిచినంత మేర, కాలు దిగబడలేదు. అక్కడ ఒక్క నెర్రె కూడా లేదు.

"కాసిని నీళ్ళు పోస్తావా?" అని అడిగాడు.

"దాహమా?" అంది సుగాత్రి.

"నాకు కాదు, మట్టికి."

చేలో మట్టి తడిపి వేళ్ళ మధ్య నలిపితే జంతికలా సాగింది. నెర్రెలు లేని చోట పైపొర గీకి, కింది మట్టి తడిపి నలిపితే పొడిపొడిగా విరిగిపోయింది. పైగా అది ఎర్రగా ఉంది.

"ఇది ఈ నేల మట్టి కాదు. రేగడి ఎండితే చీలుతుంది, కింద దాచినదానికి ఎండ తగులుతుంది. అందుకే ఎవరో ఎర్రమట్టి తెచ్చి నింపి, పైన నల్లమట్టి చల్లారు" అన్నాడు చారుదేవుడు.

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

చారుదేవుడు మెల్లగా తవ్వాడు. అడుగున చేతులతోనే తీశాడు. అక్కడ ఒక బోదురుకప్ప నిద్రపోతోంది. భయపడకండి, దానికి గీత కూడా పడలేదు. అతను దాన్ని తడిగుడ్డలో పెట్టుకున్నాడు.

"బాబ్బాబూ, గట్టిగా పట్టుకోకు" అంటూ మాంత్రికుడు కూలబడ్డాడు. "నీకేం కావాలి?"

"ముందు మా అన్నలు. తరువాత మా విత్తనాలు. ఆ తరువాత ఈ అమ్మాయి విడుదల."

"నా వంతు గింజల తరువాతా?" అంది సుగాత్రి.

అన్నలు ఒంటి మీది గడ్డి దులుపుకుంటూ లేచారు. విత్తనాల మూటలన్నీ మాంత్రికుడే మోసి, గాలిలో ఎగిరే తన పడవలోకి ఎక్కించాడు. అతని మంత్రదండాన్ని సముద్రంలో పారేసి, కప్పను మళ్ళీ దాని ఎర్రమట్టిలోనే పడుకోబెట్టి, మాంత్రికుణ్ణి అక్కడే వదిలి, మిగతా అందరూ ఆ పడవలో బయలుదేరారు. కొంగ ముందు ఎగురుతూ దారి చూపింది.

మేడ మీద నిలబడి ఎదురుచూస్తున్న రాజు మూటలు చూడలేదు. కొడుకులను చూశాడు. పెద్దవాడు ఉన్నాడు, నడిమివాడు ఉన్నాడు, చిన్నవాడు ఉన్నాడు. అప్పుడు గానీ ఆయన కూర్చోలేదు. ఆ సాయంత్రమే తొలకరి కురిసింది. తెల్లారేసరికి రాజ్యమంతా అరకలు కదిలాయి.

సుగాత్రి క్షేమంగా ఉందని ముందు ఆమె తల్లిదండ్రులకు కబురు వెళ్ళింది. వాళ్ళు వచ్చి, కూతురిని కడుపారా చూసుకున్నాక, ఆమె ఇష్టం కనుక్కుని చారుదేవుడికిచ్చి పెళ్ళి చేశారు. వాళ్ళిద్దరూ చాలా కాలం రాజ్యం చేశారు. ఏ నేల ఏ పంటను ఇష్టపడుతుందో తెలుసుకుని విత్తించారు. గాదెలు నిండాయి, కంచాలు నిండాయి, ఆ రాజ్యంలో ఏ పిల్లా ఏ పిల్లాడూ ఆకలితో నిద్రపోలేదు.