చిత్తం మేసి బలిసిన చిలుక

మా ముత్తాత కొండుభొట్లుగారు బాటసారులకై దారిలో నుయ్యి త్రవ్వించిరి. మా అమ్మమ్మ బాపనమ్మగారు కులమెంచక నాలుగూళ్ల స్త్రీలకు పురుళ్లు పోసిరి. వేసవి మధ్యాహ్నములందు తాటాకు విసనకఱ్ఱతో మాకు విసరుచు ఈ కథ చెప్పినది ఆమెయే. ఆ గాలి నేటికిని నా చెంపకు తగులుచున్నట్లే యుండును. వినుడు, పిల్లలారా.

అనగా అనగా తమ్మిసీమ యను రాజ్యము. అక్కడి రాజును చంపి, కంకాళుడను మాంత్రికుడు తరతరములుగా దాని నేలుచుండెను. వాడేమన్నను జనులు "చిత్తం" అనవలసినదే. అననివారు రాళ్లగుదురు.

ఆ రాజు మునిమనుమడు జయకేతుడు తాబేటి వీపునెక్కి, ఏడు సముద్రములు దాటి, మాంత్రికుని ప్రాణమున్న చిలుకను పట్టి తెచ్చెను. వెంటనే కంకాళుడు పొగయై కోటగోపురమును చుట్టుకొనెను. రాకుమారుడు చిలుకను నఱికెను, తెగలేదు. కాల్చెను, కాలలేదు. నీట ముంచెను, మునుగలేదు.

తాబేలు నవ్వెను. "రాకుమారా, ఇది చిత్తములు తిని బ్రతుకు పక్షి. 'కాదు' అను మాటయే దీనికి విషము. అది మనసారా అన్నదై యుండవలెను. జనులను సభ చేర్చుము. ఆ తొలి సభలో ప్రొద్దు క్రుంకులోగా ఆ మాట పుట్టనిచో, పొగ మరల మనిషి యగును."

సభ కూడెను. ఊరూర చేను, మగ్గము, అడవి, రేవు తలకొకరిని ఎన్నుకొని పంపినవి. ఎవరి చాప వారే తెచ్చుకొని కూర్చుండిరి. జయకేతుడు లేచెను.

"పెద్దలారా, భయము విడిచి నన్ను ఎదిరింపుడు!"

"చిత్తం, ఎదిరింతుము!" అని సభ యంతయు పలికెను. చిలుక కోడిపుంజంత ఆయెను.

"ఏటిని కొండ యెక్కింతము."

"చిత్తం!" చిలుక నెమలియంత ఆయెను.

"పొలములలో ఉప్పు చల్లుదము."

"చిత్తం! ఎన్ని పుట్లు చల్లుదుము, దొరా?" అని యొక రైతు అడిగెను. చిలుక దూడంత ఆయెను.

ప్రొద్దు వాలినది. జయకేతుడు విసిగెను. "మీకు సభ యేల? నన్నే రాజును చేయుడు!" ఈ మాట పరీక్షకై అన్నది కాదు. అతని మనసు నిజముగనే అటు మొగ్గినది.

"చిత్తం!" అని అందఱు చాపలు చుట్టసాగిరి.

రేవువారు పంపిన, పడవ నడపు పిల్ల ముత్యాలి మాత్రము లేచి నిలిచెను. ఆమె తాతను కంకాళుడు రాయి చేసి యుండెను.

"కూర్చోవే పిల్లా! మమ్మల్నీ రాళ్లను చేస్తావా?" అని ప్రక్కనున్న సాలె ముసలి కసరెను.

ముత్యాలి జయకేతుని వైపు తిరిగెను. "కాదు బాబూ," అనెను. వెంటనే తన మోకాళ్లు తడవి చూచుకొనెను. రాయి కాలేదు. గొంతు పెంచెను. "నువ్వు మంచోడివే. రేపు నీ కొడుకు ఎలాంటోడో ఎవరు చూశారు? ఒక దొర పోయాడని ఇంకో దొరకు మొక్కి రమ్మనా మా రేవోళ్లు నన్ను పంపింది? కాదంటే కాదు!"

చిలుక ఈకలు రాలెను. సాలె ముసలి చాప మరల పఱచి, "నాకూ అదే తోస్తోందమ్మా. కాదు!" అనెను. "ఉప్పు కూడా వద్దు దొరా!" అని రైతు అఱచెను. సభ యంతయు కాదు, కాదని మ్రోగెను. చిలుక గుప్పెడంతయై, గింజంతయై, మాయమాయెను. గోపురముపై పొగ విరిసిపోయెను.

జయకేతుడు సిగ్గుతో తలవంచి, వెనుక వరుసలో తన చాప వేసికొనెను. కొంతకాలమునకు ముత్యాలిని పెండ్లాడుమని అడిగెను. "ఆలోచించి చెబుతా," అని ఆమె ఏఱువాక వఱకు తిప్పి, సరే ననెను. పెండ్లి వైభవముగ జరిగెను. తమ్మిసీమను ఆ సభయే తరతరములు ఏలెను. వాదము ముగిసినంతనే కాదన్నవారికే తొలి మజ్జిగముంత ఇచ్చుట అచ్చటి ఆచార మాయెను. తాతలు చెప్పిన ఆ తొలినాటి చాపలను, ఆ కేకలను తలచుకొని అచ్చటి వృద్ధులు ఇప్పటికిని కండ్లు తుడుచుకొందురట.

ఈ కథను నా కూతురు శేషమాంబకు పదము తప్పకుండ నేర్పితిని. వాడలోని పిల్లలచే అక్షరములు దిద్దించు పనిని, నా కుట్టుపెట్టెను ఆమెకే అప్పగించితిని. నేనిచ్చినవి ఇవియే.