అక్క గదిలో క్రోటన్ మొక్క

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు భ్రమరాంబ గారికి లేదు. పాలకొల్లులో తమ ఇంటి వసారాలో సాయంత్రాలు గీత చెప్పే ఆమె, ఎవరేం అడిగినా "చూద్దాం" అని ఊరుకునేవారు. వకుళ అడిగినప్పుడు మాత్రం, శ్రావణ మాసపు ముసురులో గొడుగేసుకుని మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళారు.

వకుళ హైస్కూలు టీచరు. తల్లి పోయాక ఆమెను పెంచింది అక్క హైమవతి. ఆ అక్క పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు తమ్ముడి కూతురు ప్రణవికి ఆ ఊళ్ళోనే నర్సింగులో సీటొచ్చింది. పిల్లను ఇంట్లో ఉంచుకోవాలంటే ఖాళీగా ఉన్నది అక్క గది ఒక్కటే. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. వకుళ ఏ మాటా తేల్చలేదు. "ఆ గది ఇంకొకరికి ఇస్తే, అక్కను నా చేత్తో నేనే పంపేసినట్టు కాదా అమ్మా?" అదీ ఆమె అడిగింది.

గది తలుపు తీశారు. మంచం మీద దుప్పటి మడత చెదరలేదు. కిటికీలు మూసే ఉన్నాయి. రెక్కల సందులోంచి పడే సన్నటి వెలుతురు వైపు వంగి, కుండీలో ఒక క్రోటన్ మొక్క నడుమెత్తు సాగి ఉంది. కాడంతా బోసిగా ఉంది, చివర మాత్రం నాలుగు పాలిపోయిన ఆకులు. పడిపోకుండా వకుళ దాన్ని పాత చీర అంచుతో కిటికీ ఊచకు కట్టింది.

"అక్క నాటింది. రోజూ నీళ్ళు పోస్తున్నాను," అంది వకుళ.

"కత్తి తీసుకురా," అన్నారు భ్రమరాంబ గారు.

వకుళ కుండీకి అడ్డంగా నిలబడింది. "వద్దమ్మా! అక్కది మిగిలింది ఇదొక్కటే."

"మిగలాలనే అడుగుతున్నాను."

కోసింది వకుళే. ఆకుల కింద జానెడు కాడ ఉంచి కోస్తే, తెగినచోట జిగురు చుక్కలుగా కారింది. ఆ కొమ్మను ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టించారు. మోడున్న కుండీని వెలుతురు తగిలేలా వరండాలోకి మార్పించారు. ఇంకేమీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండానే కొమ్మకున్న నాలుగాకుల్లో మూడు రాలాయి. వకుళ సాయంత్రం గీత పాఠానికి వెళ్ళడం మానేసింది. మాట విని ఉన్నదీ పోగొట్టుకున్నానని కోపం. పెద్దావిడను ఏమీ అనలేక ఇంకా కోపం. కుండీలకు నీళ్ళు పోయడం మాత్రం మానలేదు. చేతికి అలవాటైపోయింది.

ఇరవయ్యో రోజున నీళ్ళు పోస్తూ వంగితే, మోడు మీద ఎప్పుడో ఆకు రాలిన మచ్చ పక్కన ఎర్రటి మొలక ఒకటి కనిపించింది. కందిగింజంత ఉంది. వేలితో తాకబోయి ఆగింది. చాలాసేపు అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి వెళ్ళి గది కిటికీలు తెరిచి, దుప్పటి తీసి దులిపి, తమ్ముడికి ఫోన్ చేసింది.

కార్తీకంలో ఆమె మళ్ళీ పాఠానికి వచ్చింది, వెంట ప్రణవి.

"మోడుకు మూడు రెమ్మలొచ్చాయమ్మా. కొమ్మ కూడా వేరు పట్టింది, మెల్లగా లాగి చూస్తే రావడం లేదు," అని చెప్పి, అడిగింది వకుళ: "ఈ రెంటిలో అక్క నాటిన మొక్క ఏదమ్మా?"

భ్రమరాంబ గారు పుస్తకంలో ఆ రోజు శ్లోకం వెతుక్కుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"రెండింటికీ నీళ్ళు పోస్తున్నావు కదా."