చొక్కా లేని గుడ్లు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. ఆ వాగు ఒడ్డున నాగరత్నం అనే అడవికోడి ఉండేది. దానికి ఒకటే కోరిక. ఒక్క గుడ్డయినా పొదిగి, పిల్లను వెంటేసుకుని తిరగాలని.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. తెల్లారగానే చిన్నా పెద్దా అందరూ వాగు దగ్గర చేరి ఎండిన నత్తగుల్లలు కొరకాలి. ముళ్లపంది పోలయ్య తాతకు పళ్లు సగం ఊడిపోయాయి, అయినా మానలేదు. కరకర, కటకట! అబ్బబ్బ, చెవులు చిల్లులు పడేవనుకోండి.

నాగరత్నం మాత్రం ముక్కు తిప్పుకుంది.

"అది పిల్లల తిండి తాతా! నేను పెరగాల్సినంత పెరిగాను. ఇంకా గుల్లలేంటి, నామోషీ!" అంది.

"ఒళ్లు పెరగడం ఆగుతుంది గానీ ఎముకల ఆకలి ఆగదే పిచ్చిమొహమా!" అన్నాడు తాత.

వింటేగా!

మొదటి గుడ్డు పెట్టింది. చూస్తే పెంకు లేదు! పల్చటి పొరలో గుడ్డు గజగజ వణుకుతూ, "అమ్మా, నా చొక్కా ఏదే?" అని అడిగింది. నవ్వకండర్రా! నాగరత్నం రెక్కతో కప్పబోయింది. అంతలో ఆ గుడ్డు గట్టు మీంచి జారి, "ఇంకో అమ్మను చూసుకుంటాలే" అంటూ వాగులో కొట్టుకుపోయింది.

రెండో గుడ్డుకూ పెంకు లేదు. నాగరత్నం తాబేలు దగ్గరికి పరిగెత్తింది.

"అన్నయ్యా, పిల్ల బయటికొచ్చేదాకా నీ డిప్ప ఇస్తావా?"

"మరి నేనేం కట్టుకోను?" అని తాబేలు కసురుకుంది.

చేసేది లేక గుడ్డుకు టేకాకు చుట్టి పొదగబోయింది. కూర్చోగానే చితికిపోయింది. పాపం, నాగరత్నం కుమిలి కుమిలి ఏడ్చింది.

మూడో గుడ్డు గట్టి పెంకుతో వచ్చింది!

"చూశావా తాతా, గుల్ల ముట్టకుండానే!" అని నాగరత్నం ఎగిరి గంతేసింది. కిందికి దిగేసరికి కాలు ఫట్‌మని విరిగింది.

గుడ్డు లోపల్నించి మెల్లగా అంది. "కోప్పడకమ్మా. పెంకుకు సున్నం కావాలి, నువ్వేమో గుల్లల్లోని సున్నం తినలేదుగా. నీ కాళ్లలోంచి తీసుకున్నాను."

"అయ్యో, నా తల్లీ! తాతా, ఆ గుల్లలు ఇటు తే!" అని నాగరత్నం అరిచింది.

అప్పట్నించి గూట్లో కూర్చునే కరకరలాడించింది. పిల్ల బయటికొచ్చింది. కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది.

"అమ్మా, తొందరగా రా!" అని పిల్ల ముందు పరిగెత్తింది.

"నువ్వు నడువమ్మా, వస్తున్నా," అంటూ నాగరత్నం కుంటుకుంటూ వెనకబడిపోయింది.

నీతి: ఎముకలకు తిండి ఎదిగేటప్పుడే కాదు, తల్లయ్యాకా కావాలి, ముసలితనంలోనూ కావాలి.