చక్రం దగ్గరి మనిషి

కామ్రాన్ అలసిపోయాడు. ఆరేళ్ళుగా ఒకటే నవల రాస్తున్నాడు. పారసీక దేశంలో, ఎడారి అంచున ఉన్న తమ ఊళ్ళో ఇరవై ఏళ్ళ కిందట జరిగిన సంగతే ఆ నవల. ఊరికి నీళ్ళు తెచ్చే భూగర్భ కాలవలో పూడిక తీయడానికి సఫ్దర్ అనేవాడు బావిలోకి దిగాడు. లోపల మన్ను కూలింది. పైన చక్రం తిప్పి అతన్ని లాగాల్సిన ఖుర్బాన్ లాగలేదు, సఫ్దర్ లోపలే చనిపోయాడు.

నవలలో పేర్లు మార్చాడు గాని, ఎవరు ఎవరో ఊళ్ళో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. ఖుర్బాన్ ఇంకా బతికే ఉన్నాడు. రొట్టెల బట్టీ పక్కన ఎండలో కూర్చుంటాడు. పుస్తకం అచ్చయితే ఆ కాస్త చోటూ అతనికి మిగలదు. రెండు రోజుల్లో రాతప్రతి టెహ్రాన్ వెళ్ళాలి. కామ్రాన్‌కి నిద్ర పట్టడం లేదు.

రాతప్రతి కట్ట చంకన పెట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. హాదీ బాబా సూఫీ బాట పట్టకముందు నలభై ఏళ్ళు బావుల్లో దిగినవాడే.

"ఖుర్బాన్ లాగని చోటు చదువు" అన్నాడు బాబా.

"తాడు మూడుసార్లు కదిలింది. వాడు చూశాడు. లేవలేదు. పాత పగ వాణ్ణి లేవనివ్వలేదు."

"మూడుసార్లని ఎవరు చెప్పారు?"

"ఖుర్బానే చెప్పాడు బాబా. అడిగినవాళ్ళందరికీ చెబుతాడు."

"పగ సంగతీ అతనే చెప్పాడా?"

"ఎందుకు లేవలేదంటే నోరు మెదపడు. మనిషన్నవాడు ఊరికే అలా కూర్చుంటాడా? అందుకే పగ నేను పెట్టాను. నవలన్నాక కారణం ఉండొద్దూ?"



మర్నాడు పొద్దున్నే బాబా కామ్రాన్‌ని కాలవ బావి దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆయన తెల్లబట్టల్లో ఉన్నాడు. బావిలో దిగేవాళ్ళు తెల్లవే కడతారు, పైకి రాకపోతే శవానికి చుట్టే కఫన్ అవే అవుతాయని. డెబ్బై ఏళ్ళ మనిషిని ఆ బట్టల్లో చూసి కామ్రాన్ వద్దనబోయాడు.

"పూడిక తీయాలి. బొక్కెన నిండినా తాడు కదుపుతాను, నేను పైకి రావాలన్నా తాడే కదుపుతాను. నువ్వు లాగు."

మొదటి పది బొక్కెనలు కామ్రాన్ హుషారుగానే లాగాడు. ఇరవై దాటేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ముప్పైకి అవి చితికాయి. ఎండ నడినెత్తికొచ్చింది. నీడ లేదు, మాట కలిపే మనిషి లేడు. చక్రం కిర్రుమనడం, మన్ను కుమ్మరించడం, మళ్ళీ బొక్కెన దించడం. ఇంకొకటి, ఇంకొకటే అనుకుంటూ చివరికి లెక్క మరిచిపోయాడు. చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

తాడు కదిలింది. చూశాడు. లేవాలనుకున్నాడు. చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

మళ్ళీ కదిలింది.

మూడోసారి కదిలినప్పుడు ఎక్కడో లోపల ఉలిక్కిపడ్డాడు. ఏడుస్తూ చక్రం మీద పడి కాళ్ళతో తన్నిపెట్టి తిప్పాడు. తాడు బరువుగా వచ్చింది. ఆ కొసన బొక్కెన కాదు, బాబా ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద, గడ్డం నిండా మన్ను.

బాబా గట్టు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. కామ్రాన్ చేతులు రెండూ పట్టుకుని, చితికిన అరచేతుల్ని తన తెల్లబట్టతో మెల్లగా అద్దాడు.

"నామీద నీకేం పగ నాయనా?" అని అడిగాడు.