ముసలి మడుగు

అనగనగా ఒక ఊరు అంటారు గానీ బుజ్జీ, ఇది ఊరు కాదు, లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో గుప్పెడు నేల, ఆ నేల మీద కాసిని గుడిసెలు. నువ్వు ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే నీకంటే ముందు కథే నిద్రపోతుంది.

ఆ లంక ఒక పెద్ద చెరువులో ఉంది. ఎంత పెద్దదంటే, అవతలి గట్టు ఇవతలి వాళ్ళకి సన్నటి గీతలా కనిపిస్తుంది. లంకవాళ్ళు చేపలు పట్టుకుంటారు, బాతులు పెంచుకుంటారు. ఎక్కడికి పోవాలన్నా దోనె ఎక్కాల్సిందే. దోనె అంటే తాటి మొద్దు తొలిచి చేసిన చిన్న పడవ. పొడుగాటి గెడని అడుగున నేలకి ఆనించి నెట్టుకుంటూ పోతారు. చెరువు పెద్దదే గానీ లోతు లేదు. మనిషి మెడదాకా ఉంటే గొప్ప.

ఒక్క చోట తప్ప. లంకకీ తూర్పు గట్టుకీ మధ్యన ఒక మడుగు ఉంది. అక్కడ నీళ్ళు నల్లగా ఉంటాయి. దాని పేరు మొసలి మడుగు.

ఆ మొసలి మామూలు మొసలి కాదట. దోనె అంత ఉంటుందని ఒకాయన చెప్పాడు. ఆ తర్వాత ఇంకొకాయన, రెండు దోనెలంత ఉంటుంది, వీపు మీద మూపురాలు కూడా ఉంటాయన్నాడు. ఆ తర్వాత మూడో ఆయన, గెడలు మింగేస్తుంది, మా తాత చేతిలో గెడ లాక్కుందన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అలా గోరంతది కొండంతయి కూర్చుంది.

అందుకని ఎవరూ మడుగులోకి పోరు. రెల్లు దుబ్బుల పక్కనుంచి, గుర్రపుడెక్క మొక్కలు తప్పించుకుంటూ చుట్టూ తిరిగి పోతారు. పొద్దున బయల్దేరితే తూర్పు గట్టుకి చేరేసరికి పొద్దు వాలిపోతుంది.

ఆ లంకకి కోడలుగా వచ్చింది నాంచారి. ఆమె పుట్టిల్లు ఎక్కడనుకున్నావు? మడుగుకి సరిగ్గా అవతల, ఆ తూర్పు గట్టు మీదే. అక్కడ వాళ్ళమ్మ పేరంటాలు బాతులు కాసుకుంటూ ఒక్కతే ఉంటుంది. మొసలి భయానికి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఇల్లు కట్టుకోలేదు. కళ్ళెదుట పుట్టిల్లు, వెళ్ళాలంటే రోజంతా ప్రయాణం. ఆడపిల్లకి అంతకంటే కష్టం ఏముంటుంది చెప్పు?

అప్పుడు ఆ తల్లీకూతుళ్ళు ఏం చేసేవాళ్ళంటే, తెల్లారగానే అక్కడ పేరంటాలు పొయ్యి రాజేసేది. గట్టు మీద సన్నగా పొగ లేచేది. అది చూసి ఇక్కడ నాంచారి పొయ్యి రాజేసేది. ఈ పొగ ఆమె చూసేది. కాసేపటికి తెల్లటి చుక్కల్లాగా బాతులు నీళ్ళలోకి దిగేవి. అమ్మ బాగుంది అనుకుని నాంచారి పనిలో పడేది. వాళ్ళ పలకరింపు అంతే.

నాంచారికి ఒక గుణం ఉంది. ఏ మాటైనా మింగుడుపడకపోతే ఊరికే వదిలిపెట్టదు. ఒకరోజు రేవులో వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గరికి పోయి అడిగింది.

"బాబాయ్, ఆ మొసలి ఏం తింటది?"

"చేపలు తింటది. ఇంకేం తింటది?"

"రెండు దోనెలంత ఒంటికి ఎన్ని చేపలు కావాలి? చెరువులో చేపలన్నీ అదే తింటే మన వలలో ఇన్ని ఎట్టా పడుతున్నాయి?"

వాళ్ళు నవ్వారు. అప్పుడు రెండో మాట అడిగింది. "దాని పిల్లలేవి? మీ తాతల కాలం నుంచీ అదొక్కటే ఉందంటారు. దానికి అమ్మా నాన్నా లేరా? దానికి చావు లేదా?"

ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. ఆ తర్వాత మూడో మాట అడిగింది. "కరువొచ్చిన ఏడు చెరువంతా ఎండి నెర్రెలిచ్చిందంటగా. మడుగులో కాసిని నీళ్ళే మిగిలాయంటగా. అంత పెద్దది ఆ కాసిని నీళ్ళలో ఎవరికీ కనపడకుండా ఎట్టా దాక్కుంది?"

అప్పుడు ఎవరూ నవ్వలేదు. వల కుడుతున్న పెద్దాయన ఒకడు తలెత్తి, "అడగటానికేం అమ్మాయ్, బాగానే ఉంది. పోయి చూసి రా మరి!" అన్నాడు.

నాంచారి ఇంటికొచ్చేసింది. నిజం చెప్పాలంటే ఆమెకీ భయమే. అడగడం వేరు, పోవడం వేరు.

ఆ ఇంట్లో ఒక మామ్మ ఉంది. నాంచారి మొగుడికి నాయనమ్మ. నోట్లో ఒక్క పన్ను లేదు. అందరూ మొసలి మడుగు అంటే ఆవిడ మాత్రం ముసలి మడుగు అనేది. అదిగో, మామ్మ నోరు తిరగట్లేదు అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. నాంచారీ నవ్వేది. నువ్వూ నవ్వుతున్నావుగా! నవ్వు, నవ్వు.

ఇలా ఉండగా ఒక పొద్దున నాంచారి లేచి చూస్తే తూర్పు గట్టు మీద పొగ లేదు.

మంచేమో అనుకుంది. మంచు విడిపోయింది. పొగ రాలేదు. ఆలస్యంగా లేచిందేమో అనుకుంది. ఎండెక్కింది. బాతులూ నీళ్ళలోకి దిగలేదు. అప్పుడు నాంచారి రేవుకి పరిగెత్తింది. మొగుడు చూస్తే ముందురోజే పెద్ద దోనె వేసుకుని సంతకి పోయాడు. చుట్టూ తిరిగి పోతే తను చేరేది పొద్దు వాలాక. ఈలోగా అమ్మకి ఏమైతే?

రేవులో కూలబడి ఏడుస్తుంటే మామ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"ముసలి మడుగులోంచి పోవే పిల్లా. అన్నం కుండ దించేలోగా చేరతావు."

"అక్కడ మొసలి ఉంది కదా మామ్మా!"

"మొసలి కాదే, ముసలి! మా అత్త!"

నాంచారి ఏడుపాపి చూసింది. అప్పుడు మామ్మ అసలు సంగతి చెప్పింది.

మామ్మ కొత్తకోడలుగా ఉన్నప్పుడు వాళ్ళత్త ఆ మడుగులో దోనె నడిపేది. గట్టు మీదివాళ్ళని లంకకీ, లంకవాళ్ళని గట్టుకీ దాటించేది. ఎవరన్నా గట్టు మీదకొచ్చి, "దోనె ఉందా?" అని కేకేస్తే ఇక్కణ్ణించి కోడలు జవాబు చెప్పాలి. అత్త పేరు నోటితో అనకూడదు కదా, తప్పు. అందుకని మామ్మ, "ముసలి ఉంది, రండి!" అని కేకేసేది. ఒకరోజు గాలి ఎదురు తిరిగింది. గట్టు మీద ఎవరో కొత్త బేరగాళ్ళు. 'రండి' అన్న మాటని గాలి ఎత్తుకుపోయింది. ముసలి కాస్తా వాళ్ళ చెవిలో మొసలి అయింది. మూటలు నెత్తిన పెట్టుకుని ఒకటే పరుగు. సంతలో చెప్పారు. సంతలో చెబితే ఇంకేముంది, ఊరూరా పాకిపోయింది, చివరికి లంకవాళ్ళూ నమ్మేశారు.

"జనం రావటం మానేశారే. మా అత్త దోనెలో కూచుని ఎదురుచూసేది. ఎందుకే ఎవరూ రావట్లేదు, నేనేం తప్పు చేశాను అని నన్నడిగేది పిచ్చితల్లి. పెద్దదై మంచాన పడి, నా చేతుల్లోనే పోయింది. దానికి కూడా మొసలి మింగిందన్నారు!"

"మరి నువ్వు చెప్పొద్దా మామ్మా?"

"చెప్పానే. పళ్ళున్నప్పుడు నేను కోడల్ని. కోడలి మాట ఎవరు వింటారు? పళ్ళు ఊడాక ముసల్దాన్ని. ముసల్దాని మాట అసలే వినరు."

నాంచారికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తనూ నవ్వింది కదా. లేచి తాటి దోనె నీళ్ళలోకి నెట్టింది. మామ్మ ఇంట్లోంచి ఒక తెడ్డు తెచ్చి దోనెలో పడేసి, "నల్లనీళ్ళలో గెడ పనిచెయ్యదు, తెడ్డు వెయ్యి," అంది. అది వాళ్ళత్త తెడ్డే. ఇన్నేళ్ళూ చూరులో దాచిపెట్టింది.

మడుగు మొదట్లోనే నీళ్ళు గుడగుడమన్నాయి. నాంచారి కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేదు. తెరుచుకునే చూసింది. అడుగున కుళ్ళిన నాచులోంచి బుడగలొస్తున్నాయి. వాసన కూడా వచ్చింది. ఓసి నువ్వా అనుకుంది.

ఆ తర్వాత ఎదురుగా మూపురాలు తేలాయి. ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి. నాంచారి భయంతో దోనె అంచు పట్టుకుంది. అయినా కళ్ళు మూసుకోలేదు. మొదటి మూపురం తల తిప్పి చూసింది. దానికి మీసాలున్నాయి! చేపలు పట్టుకు తినే నీటికుక్కలు, వరసగా ఈదుకుంటూ పోతున్నాయి. పిల్లాపాపలతో సంసారం మొత్తం బయల్దేరింది.

ఆ తర్వాత, తొందరలో మామ్మ మాట మరిచిపోయి గెడ దించింది. గెడ కిందికి పోయింది, పోయింది, చేతిలోంచి జారబోయేదాకా పోయింది. ఎవరో లాగినట్టే ఉంది. నాంచారి కెవ్వున అరిచింది. దోనె ఊగింది. పట్టుకున్న గెడ వదల్లేదు, బలంకొద్దీ పైకి లాగింది. గెడ చివర ఇంతెత్తు నల్లటి బురద. మెత్తటి బురదలో దిగబడితే ఎవరి చేతిలోంచైనా జారుతుంది మరి. అప్పుడు నాంచారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గెడ పక్కన పెట్టి తెడ్డు అందుకుంది.

మడుగు నడిమధ్యకి వచ్చాక ఇంకొకటి జరిగింది బుజ్జీ. దోనె కిందనుంచి ఏదో పోయింది. పెద్దది, నిదానంగా పోయింది. వాలుగ చేపేమో. పాత తాటి దుంగేమో. ఏంటో నాంచారికి తెలీలేదు. ఈమె ఎవరో దానికీ తెలీలేదు. ఎవరి దారిన వాళ్ళు పోయారు.

గట్టెక్కి పరిగెత్తుకుంటూ ఇంట్లోకి పోతే పేరంటాలు పొయ్యి పక్కన పడి ఉంది. కాలు జారి తుంటి దగ్గర దెబ్బ తగిలింది. రాత్రి నుంచీ లేవలేక, నోట్లో చుక్క నీళ్ళు పోసేవాళ్ళు లేక నాలుక పిడచకట్టుకుపోయింది. నాంచారి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది.

పేరంటాలు కళ్ళు తెరిచి, "ఇంత పెందలాడే ఎట్టా వచ్చావే?" అంది.

"ముసలి దారిలో వచ్చానమ్మా."

"మొసలి దారిలోనా!" అని పేరంటాలు అంత నొప్పిలోనూ లేచి కూర్చోబోయింది. నాంచారి నవ్వుతూ, ఏడుస్తూ ముందు పొయ్యి రాజేసింది. అక్కడ లంకలో మామ్మ రేవులో కూర్చుని చూస్తోంది కదా. ఆ పొగ చూశాకే ఆవిడ ఇంట్లోకి పోయింది.

ఆ తర్వాత కాళ్ళు బాగుచేసే వైద్యుడు వచ్చాడు, కట్టు కట్టాడు. పేరంటాలు కుంటుకుంటూ అయినా నడిచింది. ఆ తర్వాత నాంచారి మడుగులో దోనె నడపడం మొదలుపెట్టింది. మొదట మామ్మ ఎక్కింది. ఆ తర్వాత పిల్లలు ఎక్కారు. చివర్న, పోయి చూసి రా అన్న పెద్దాయన కూడా రెండు చేతులా దోనె పట్టుకుని ఎక్కాడు.

ఏంటీ, సముద్రంలో అయితే అలాంటి వింత జంతువులు ఉంటాయా అంటావా? మంచి మాట అడిగావు. అటు గట్టు కనపడని నీళ్ళు అవి. ఇంటిని మించిన తిమింగలం ఉందంటే చూడనివాడు నమ్ముతాడా? అయినా ఉంది. నాంచారి అడిగిన మొదటి రెండు మాటలూ సముద్రాన్ని కూడా అడగొచ్చు. ఏం తింటుంది, పిల్లలేవి అని. మూడోది మాత్రం అడగలేం. సముద్రం ఎండదుగా. అందుకని నేను ఉందనీ అనను, లేదనీ అనను. తెలీదు అంటాను. తెలీదు అంటే నోరేమీ అరిగిపోదు. కానీ తెలియనిదాన్ని చూసి ఎవరైనా పరిగెత్తమంటే మాత్రం, ముందు అదేంటో చూడనివ్వు అను.

ఇప్పుడా? ఇప్పుడు నాంచారికీ జుట్టు నెరిసింది. ముందు పళ్ళు ఊడాయి. తూర్పు గట్టు మీద ఇళ్ళు లేచాయి. ఆమె కోడలూ అత్త పేరు చెప్పదు. పొద్దున్నే గట్టు మీదనుంచి బడిపిల్లలు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ముసలి ఉందా?" అని కేకేస్తారు.

కోడలు జవాబు చెప్పేలోపే మడుగులోంచి నాంచారే అరుస్తుంది. గాలి ఎత్తుకుపోకుండా ఒక్కో మాటా విడదీసి అరుస్తుంది.

"ఉంది! ముసలి ఉంది! రండి! రండి!"

కథేమో కంచికి, దోనేమో గట్టుకి,
బాతులేమో గూటికి, బుజ్జేమో నిద్దట్లోకి.