గుడ్డుకెంత మేత?

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారికంటే ముందే నిద్రలేచే కోళ్ళ దొడ్డి ఒకటుండేది. దాన్ని చూసుకునేది పోలమ్మ. ఒక్కో కోడినీ పేరు పెట్టి మరీ పిలిచేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కోళ్ళకు వేసే నూకల ధర మండిపోయింది.

"నెలలోగా మేత ఖర్చు తగ్గాలి. తగ్గలేదా, కోళ్ళన్నీ వంటింటికే!" అన్నాడు రాజు.

పోలమ్మ బెంగపడింది.

కొట్టు అధికారి దండపాణి మాత్రం మీసం దువ్వాడు. "దీనికింత ఆలోచనెందుకు మహారాజా! ఊక తవుడు కొందాం. కుంచం నూకల ధరకి నాలుగు కుంచాలొస్తుంది!"

ఆ కొట్లో ఏదైనా కుంచంతోనే కొలిచేవారు. కుంచం నిండితే చాలు, అందులో ఏముందో ఎవరికి కావాలి?

పోలమ్మకి కావాలి. "ఏలినవారు సెలవిస్తే పరీక్ష పెడతాను," అంది.

దొడ్డిని మూడు గదులుగా దడి కట్టించింది. గదికి పది కోళ్ళు, పది కాసుల మేత. మొదటి గదికి ఊక తవుడు. రెండోదానికి నూకలు. మూడోదానికి సగం నూకలు, సగం రెండో దంపులో రాలిన, ఊక కలవని మెత్తని తవుడు. ఆ తవుడు నిలవుంటే ముక్కిపోతుందని ఏ వారానికావారమే తెచ్చేది.

పదో రోజుకి నూకలు అయిపోయాయి. దండపాణి చంకలు గుద్దుకున్నాడు. "చూశావా పోలమ్మా! నా తవుడు ఇంకా సగం కుప్ప అలాగే ఉంది!"

"ఉండనీండి బాబూ," అంది పోలమ్మ.

పదిహేనో రోజుకి మూడో గది మేత అయిపోయింది. కోళ్ళు రెట్టింపు కుంచాలు మేసినా ఊక తవుడు ఇరవయ్యో రోజుదాకా వచ్చింది. అప్పుడు రాజు వచ్చి గుడ్లబుట్టలు చూశాడు. మొదటి బుట్టలో ఇరవై. రెండోదాంట్లో ముప్ఫై అయిదు. మూడోదాంట్లో యాభై!

"ఇరవై రోజులు మేసి ఇరవై గుడ్లేనా?" అన్నాడు రాజు.

మొదటి గదిలోని పొడల కోడికి ఒళ్ళు మండింది. "మాకు వేసింది సగం ఊకే మహారాజా! పొట్ట నిండింది గానీ ఒంటికి పట్టలేదు."

"మరి కుంచం ధర...?" అన్నాడు దండపాణి.

"మనం తినేది కుంచాలు కాదు గదా బాబూ, గుడ్లు! అదే పది కాసులకి ఏ మేత ఎన్ని గుడ్లిచ్చిందో మీరే చూడండి," అంది పోలమ్మ.

రాజు పకపకా నవ్వి, ఇకనుంచి అన్ని కోళ్ళకీ మూడో గది మేతే వేయమన్నాడు. కోళ్ళు బతికాయి. ఆనాటినుంచి ఏ మేత కొనాలన్నా దండపాణి ముందు పోలమ్మని అడిగేవాడు.

కాబట్టి పిల్లలూ, ఒక వస్తువు చవకో ప్రియమో దాని ధర చెప్పదు, దానివల్ల చేతికొచ్చిన ఫలితమే చెబుతుంది.